నాగపూరు మిల్లు - జంషెడ్జీ టాటా

పందొమ్మిదవ శతాబ్దంలో నూలు మిల్లు స్థాపించదలచిన వర్తకులు సాధారణంగా బొంబాయినే ఎంచుకునేవారు. రేవు, బ్యాంకులు, దళారులు అక్కడే ఉండగా వేరొక చోటు వెదకడం అవివేకమని వారి విశ్వాసం. జంషెడ్జీ నసర్వాన్జీ టాటా ఆ విశ్వాసాన్ని అంగీకరించలేదు.

ఆయన 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో పార్సీ పురోహిత వంశంలో జన్మించాడు. బొంబాయిలో చదువు ముగించి తండ్రి వ్యాపారంలో ప్రవేశించాడు. 1869లో దివాలా తీసిన నూనె మిల్లునొకదానిని కొని, నూలు మిల్లుగా మార్చి, రెండేళ్ళకు లాభానికి అమ్మివేశాడు. పిదప ఇంగ్లండు వెళ్ళి లాంకషైర్ మిల్లుల పనితీరును పరిశీలించాడు.

తిరిగివచ్చాక ఆయన చూపు నాగపూరుపై నిలిచింది. పత్తి పొలాలు చేరువ. రైలు మార్గం ఉన్నది. బొగ్గు దూరం కాదు. చౌకగా లభించిన బురదనేలను పూడ్పిస్తుంటే, బంగారాన్ని మట్టిలో పోస్తున్నాడని తలచి ఒక వడ్డీవ్యాపారి అప్పు నిరాకరించాడు. అయినా 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు ప్రారంభమయింది.

ఆరంభంలో జంషెడ్జీ కూడా పొరపడ్డాడు. తక్కువ ధరకు కొన్న యంత్రాలు నాసి నూలునిచ్చాయి. తప్పు గ్రహించి మేలైన యంత్రాలను తెప్పించాడు. ఇంగ్లండు మిల్లులు శంకించిన రింగు కదురును ముందుగా పరీక్షించి చూశాడు. నిర్వహణను బెజోన్జీ మెహతాకు అప్పగించాడు. ఆయన రైల్వే సరుకుల విభాగం నుండి వచ్చినవాడు; నూలు పని ఎరుగడు. జంషెడ్జీ చూసినది ఆయన కార్యదక్షతను.

పనివారు తరచుగా మానివేయడం మరొక చిక్కు. సోమరితనమని జరిమానాలు విధించడం తేలిక. జంషెడ్జీ మాత్రం ఆ మిల్లులో నిలిచి పనిచేయడానికి వారికి కారణమేమున్నదని ఆలోచించాడు. మిల్లులో గాలి, తేమ తగినంత ఉండే ఏర్పాట్లు చేయించాడు, బహుమతులిచ్చాడు, 1886లో పింఛను నిధి నెలకొల్పాడు. 1895 నుండి ప్రమాదాలకు పరిహారం చెల్లించారు. ఆనాటి యజమానులకు ఇవి వృథా ఖర్చుగా తోచి ఉండవచ్చు.

విచిత్రమేమంటే, చవక ధర ఆయనను మళ్ళీ మోసగించింది. 1886లో కుర్లాలో కొన్న మిల్లు యంత్రాలు శిథిలమైనవి. స్వదేశీ అని పేరుపెట్టిన ఆ మిల్లు నష్టాల్లో పడింది. బ్యాంకు అప్పు పుట్టలేదు. అప్పుడాయన తన ఎంప్రెస్ మిల్లు వాటాలు కొన్ని అమ్మి, నాగపూరు నుండి నేర్పరులైన పనివారిని రప్పించాడు. అది కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. 1904 మే 19న జర్మనీలో ఆయన మరణించేనాటికి రెండు మిల్లులూ నడుస్తున్నాయి.