ఆ పిచ్చుక పేరేమిటని అడిగిన పిల్లవాడు

నవంబర్ వచ్చిందంటే మన పిల్లల్లో చాలామంది ఏదో ఒక ఆదివారం జూలోనే ఉంటారు. బాలల దినోత్సవం, కార్తీక వనభోజనాలు, తగ్గిన ఎండ అన్నీ కలిసొస్తాయి. హంటర్ రోడ్డులోని మన కాకతీయ జూ అయితే పూటలో తిరిగి రావచ్చు. హైదరాబాద్ నెహ్రూ జూ అయితే తెల్లవారకముందే బయల్దేరాలి, సఫారీ బండి కోసం లైన్లో నిలబడాలి, తీరా లోపలికి వెళ్తే సింహం అటు తిరిగి పడుకుని ఉంటుంది. మర్నాడు క్లాసులో ఏం చూశారని అడిగితే చిన్నపిల్లలు చెప్పేది తరచుగా సింహం గురించి కాదు. టిఫిన్ బాక్సు తెరవగానే పక్కన వాలిన పిట్ట గురించి, కుంట గట్టున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ గురించి చెబుతారు. బోనులో ఉన్న జంతువుకైతే బోర్డు ఉంటుంది, చదివి చెప్పేస్తాం. బయట చెట్టు మీద ఉన్న పిట్టకు బోర్డు ఉండదు. దాని పేరేమిటని పిల్లలు అడిగితే మనలో ఎక్కువమంది చెప్పే జవాబు, ఏదో పిట్టలే అని.

1908 ప్రాంతంలో ముంబయిలో ఒక పిల్లవాడు ఇలాంటి ప్రశ్నే అడిగాడు. అప్పుడు వాడికి పదకొండు పన్నెండేళ్లు. ఇంట్లో పెద్దాయనకు జవాబు తెలియలేదు. తెలియదని ఊరుకోకుండా, తెలిసినవారికి ఒక ఉత్తరం రాసి పిల్లవాడి చేతికిచ్చి పంపారు. ఆ పిల్లవాడే తర్వాత దేశమంతా పక్షుల మనిషిగా పిలుచుకున్న సలీం అలీ. ఈ నెల 12న ఆయన పుట్టినరోజు.

సలీం అలీ 1896 నవంబర్ 12న పుట్టారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. ఏడాది పిల్లవాడిగా ఉండగా తండ్రి పోయారు, మూడేళ్లకు తల్లీ పోయింది. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, పిల్లలు లేని మేనత్త హమీదా బేగం కలిసి ఖేత్వాడీలోని తమ ఇంట్లో పెంచారు. కాంగ్రెస్ తొలినాళ్ల అధ్యక్షుడు బద్రుద్దీన్ తయ్యబ్జీ కుటుంబమే అది. కలిగిన ఇల్లు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

మేనమామకు వేటంటే ఇష్టం. మేనల్లుడికి ఒక ఎయిర్ గన్ కొనిచ్చారు. పిల్లవాడు దానితో పిచ్చుకలను కొట్టేవాడు. పక్షుల ప్రేమికుడి కథ ఇలా మొదలవడం కొందరికి నచ్చకపోవచ్చు, కానీ జరిగింది అదే. ఇంటి గుర్రపుశాల గోడలో ఒక పిచ్చుకల జంట గూడు పెట్టింది. కాపలాగా కూర్చున్న మగ పిచ్చుకను కొట్టాడు. కాసేపటికి ఆడపిచ్చుక ఇంకో మగపిచ్చుకను తెచ్చుకుంది. దాన్నీ కొట్టాడు. ఏడు రోజుల్లో అలా ఎనిమిది మగ పిచ్చుకలు పోయాయి, ప్రతిసారీ తొమ్మిదోదో పదోదో సిద్ధంగా ఉన్నట్టు కొత్తది వచ్చి కూర్చునేది. వేరే పిల్లలైతే లెక్క చెప్పుకుని గొప్పలు పోయేవారు. ఇతను ఆ విషయమంతా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాడు. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ చిన్ననాటి నోట్‌ను పక్షిశాస్త్రం వాళ్లు ప్రచురించారు.

అలా కొట్టిన పిచ్చుకల్లో ఒకటి వేరుగా కనిపించింది. గొంతు మీద పసుపు రంగు మచ్చ ఉంది. తినవచ్చో తినకూడదో తెలియక మేనమామ దగ్గరికి తెచ్చాడు. ఆయనకూ అది ఏ పిట్టో తెలియలేదు. అయితే ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో తొలి భారతీయ సభ్యుల్లో ఒకరు. ఆ సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యూ. ఎస్. మిల్లార్డ్‌కు పరిచయం రాసిచ్చి, చచ్చిన పిచ్చుకతో సహా పిల్లవాణ్ణి పంపారు.

మిల్లార్డ్ ఫిప్సన్ అండ్ కంపెనీ అనే మద్యం వ్యాపార సంస్థలో పనిచేసేవారు. సొసైటీ ఆఫీసు కూడా ఆ భవనంలోనే. బ్రిటిష్ పాలన రోజులు, ఎదురుగా తెల్లదొర. పిల్లవాడు బెరుకుగానే లోపలికి వెళ్లాడు. మిల్లార్డ్ పిచ్చుకను చూసి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పారు. అంతటితో పంపించి ఉంటే మనకు ఈ కథ ఉండేది కాదు. ఆయన అల్మారాల సొరుగులు ఒక్కొక్కటే లాగి, దూది కుక్కి భద్రపరిచిన పిచ్చుకలను వరసగా చూపించారు, ఏది దేనికన్నా ఎలా వేరో వివరించారు. చదవడానికి పుస్తకాలిచ్చారు. నార్మన్ కిన్నియర్ అనే మరో అధికారికి పరిచయం చేశారు. పక్షి చర్మాన్ని పాడుకాకుండా తీసి భద్రపరచడం నేర్చుకునే దారి అక్కడ తెరుచుకుంది.

ఇక చదువు. ఈ విషయం మన స్కూల్ పత్రికలో రాయడానికి కొంచెం ఆలోచించాను, కానీ దాచి రాస్తే అది జీవితచరిత్ర కాదు. సలీం అలీకి లెక్కలు రాలేదు. పదమూడేళ్ల వయసులో తీవ్రమైన తలనొప్పులతో బడి మానాల్సి వచ్చింది, గాలి మార్పు కోసం సింధ్‌కు బంధువుల దగ్గరికి పంపారు. 1913లో కష్టం మీద మెట్రిక్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరి, లాగరిథమ్స్ దగ్గర చేతులెత్తేసి, మొదటి ఏడాదితోనే బయటికొచ్చారు. కుటుంబానికి బర్మాలోని తవోయ్‌లో టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉంటే వాటిని చూసుకోవడానికి వెళ్లారు. చూసింది ఎక్కువగా అడవినీ పక్షులనీ. వ్యాపారం కలిసిరాలేదు. 1917లో తిరిగొచ్చి కామర్స్, అకౌంటెన్సీ చదవబోయారు. జేవియర్స్‌లోని ఫాదర్ బ్లాటర్ ఇతని అసలు ఆసక్తి ఎక్కడుందో పట్టుకుని జువాలజీ వైపు తిప్పారు. ఒక టీచర్‌గా నాకు ఈ మొత్తం జీవితంలో అసూయ కలిగించే మనిషి ఫాదర్ బ్లాటర్.

మార్కులు అక్కర్లేదని చెప్పడానికి ఇది రాయడం లేదు. డిగ్రీ లేకపోవడం వల్ల ఆయన నిజంగానే నష్టపోయారు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షిశాస్త్రజ్ఞుడి ఉద్యోగం ఖాళీ ఉన్నా, యూనివర్సిటీ డిగ్రీ లేదని రాలేదు. ఇన్ని మలుపులు తట్టుకోగలగడానికి వెనక ఒక పెద్ద కుటుంబం ఉంది. అది లేని పిల్లవాడైతే తవోయ్ దగ్గరే కథ ఆగిపోయేదేమో.

1926లో ముంబయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా ఉద్యోగం దొరికింది. వచ్చినవారికి భద్రపరిచిన జంతువులనూ పక్షులనూ చూపించి చెప్పే పని. రెండేళ్లకే చెప్పిందే చెప్పడం విసుగనిపించి, సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే ఉద్దండుడి దగ్గర పనిచేశారు. ఆయన్నే జీవితాంతం తన గురువుగా చెప్పుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బు లేదని మ్యూజియం ఆ ఉద్యోగాన్నే తీసేసింది. వయసు ముప్ఫై దాటింది, పెళ్లయింది, చేతిలో జీతం లేదు.

ముంబయిలో ఇల్లు నడపలేక భార్య తెహ్మీనాతో కలిసి సముద్రపు ఒడ్డున ఉన్న కిహీమ్ అనే ఊరికి మారారు. అక్కడ ఇంటికి దగ్గర్లోనే గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. పనిలేని మనిషి ఆ వానాకాలమంతా వాటినే చూస్తూ కూర్చున్నారు. గూడు కట్టేది మగ గిజిగాడే. గడ్డిపోచలతో సగం వరకు అల్లి ఆపుతుంది. ఆడపక్షులు వచ్చి పరీక్షగా చూసుకుంటాయి. ఒకదానికి గూడు నచ్చి అందులో చేరితేనే మగపక్షి మిగతా సగం, కిందికి వేలాడే గొట్టంతో సహా పూర్తి చేస్తుంది. ఆడపక్షి గుడ్లు పెట్టి పొదగడంలో పడగానే ఇది పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో జోడీ కోసం చూస్తుంది. మన పల్లెల్లో అందరూ చూసే గూడే, ఇంత వరస మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆ వ్యాసం అచ్చయ్యాక పక్షిశాస్త్రంలో ఆయన పేరు వినిపించడం మొదలైంది.

పేరు వచ్చింది కానీ జీతం రాలేదు. అప్పుడు ఆయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పెట్టారు. మీ రాజ్యంలో ఏయే పక్షులున్నాయో నేను సర్వే చేసి ఇస్తాను, నాకు జీతం వద్దు, ప్రయాణానికీ మకాముకూ అయ్యే ఖర్చు భరిస్తే చాలని దాని సారాంశం. ముందుగా ఒప్పుకున్నవారిలో నిజాం ప్రభుత్వం ఉంది. 1931 అక్టోబర్‌లో హైదరాబాద్ రాజ్య పక్షుల సర్వే మొదలైంది. వరంగల్‌తో సహా నేటి తెలంగాణ దాదాపు అంతా, దానితో పాటు మరాఠ్వాడా, కర్ణాటక ఈశాన్య జిల్లాలు అప్పుడు ఆ రాజ్యమే. సుమారు 82,000 చదరపు మైళ్లు. గోదావరి ఒడ్డు అడవుల నుంచి నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి దాకా.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే సర్వే అంటే మనకు ఫారం నింపడమే గుర్తొస్తుంది. అడవిలో డేరా వేయాలి. చీకటితోనే లేచి నడవాలి. ఏ పక్షి ఎక్కడ, ఏ నెలలో, గుంపుగానా ఒంటరిగానా, ఏం తింటోంది, గూడు ఉందా అన్నీ అక్కడికక్కడే రాసుకోవాలి. గుర్తింపు కోసం కొన్నింటిని కాల్చక తప్పదు. కెమెరాలు నేటిలా లేని రోజుల్లో శాస్త్రానికి రుజువు అదే. ఎండ ఎక్కాక డేరాలో కూర్చుని చర్మం తీసి, దూది కుక్కి, కాలికి చీటీ కట్టాలి. తేదీ, చోటు, ఆడో మగో అన్నీ ఆ చీటీ మీదే. మర్నాడు మళ్లీ అదే. మలేరియా భయం ఉండనే ఉంది. ఈ మకాముల్లో తెహ్మీనా భర్త వెంటే ఉన్నారు. ఇంగ్లండ్‌లో చదువుకుని, సౌకర్యంగా పెరిగిన మనిషి. జీతం లేని ఉద్యోగానికి భర్తతో పాటు తానూ డేరాల్లోకి వచ్చారు. సలీం అలీ జీవితం గురించి రాసేవాళ్లు ఆమెను ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ రెండు మూడేళ్లలో ఆమె వద్దని ఉంటే మన ప్రాంతపు పక్షుల లెక్క ఎవరు రాసేవారో నాకు తెలియదు.

సర్వే ఫలితాలు 1933, 34లలో సొసైటీ జర్నల్‌లో భాగాలుగా వచ్చాయి. పంజాబ్‌లో పోలీసు అధికారిగా పనిచేసిన హ్యూ విస్లర్ ఆ పక్షి నమూనాలను పరిశీలించి వివరాలు జోడించారు. మొదట్లో ఇద్దరికీ పడలేదు. విస్లర్ రాసిన ఒక తప్పును ఈ కుర్రవాడు బయటపెట్టడమే కారణం. తర్వాత మంచి స్నేహితులయ్యారు. హైదరాబాద్ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, ఇంకా ఎన్నో ప్రాంతాలు తిరిగారు.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయారు. వాళ్లకు పిల్లలు లేరు. సలీం అలీ కుంగిపోయి అక్క కమ్మూ ఇంటికి చేరారు. రెండేళ్లకు, 1941లో, ఆయన పుస్తకం ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. మామూలు మనిషి చేతిలో పట్టుకుని తోటలోకి వెళ్లి పిట్ట పేరు వెతుక్కోగల పుస్తకం. మేనమామ ఇంట్లో ఆ రోజు అలాంటిది ఉండి ఉంటే ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు. స్వాతంత్ర్య పోరాటంలో జైల్లో ఉన్న నెహ్రూ కూతురు ఇందిర కోసం ఎంచుకున్న పుస్తకాల్లో అదొకటి.

తర్వాతి సంగతులు జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో దొరుకుతాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. అమెరికన్ శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి 1968 నుంచి 1974 దాకా పది సంపుటాల పక్షుల గ్రంథం. భరత్‌పూర్ పక్షుల సరస్సు, కేరళ సైలెంట్ వ్యాలీ నిలబడటంలో ఆయన మాటకు బలం ఉంది. పాల్ గెట్టీ పర్యావరణ బహుమతిగా 50,000 డాలర్లు వస్తే ఆ డబ్బు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడాది ఆత్మకథ వచ్చింది, దాని పేరులోనూ ఒక పిచ్చుక ఉంది.

1986 జనవరిలో మన తెలుగు నేల మీద ఒక వింత జరిగింది. కలివి కోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ శాస్త్రానికి పరిచయం చేశారు. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ అది కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. అదే సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ కనుగొన్నారు. దాన్ని చూపించింది ఆ ఊరి పిట్టలు పట్టే మనిషే. సలీం అలీకి అప్పటికి 89 ఏళ్లు. మరుసటి ఏడాది 1987లో ఆయన కన్నుమూశారు.

ఈ సెలవుల్లో నర్సంపేట మీదుగా పాకాల చెరువుకు వెళ్లేవాళ్లు, లేదా సొంత ఊరి వ్యవసాయ బావి దగ్గరికి వెళ్లేవాళ్లు ఈత, తాటి చెట్ల కొనలు చూడండి. వానాకాలంలో కట్టిన గిజిగాడి గూళ్లు ఇంకా వేలాడుతూ ఉంటాయి, ఇప్పుడు లోపల పిల్లలుండవు కాబట్టి కింద నిలబడి చూస్తే వాటికి ఇబ్బంది లేదు. కొన్నింటికి పొడవాటి గొట్టం ఉంటుంది. కొన్ని మాత్రం బోర్లించిన గిన్నెలా సగంలోనే ఆగిపోయి ఉంటాయి. అవి ఎందుకలా ఉన్నాయని పిల్లలు అడిగితే జవాబు కిహీమ్‌లో దొరికింది. ఆడపక్షికి నచ్చలేదు, అందుకని మగపక్షి వదిలేసి వెళ్లిపోయింది.