జాన్ చిలెంబ్వే

జాన్ చిలెంబ్వే (సుమారు 1871 – ఫిబ్రవరి 3, 1915) ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావి దేశానికి చెందిన బాప్టిస్టు మతబోధకుడు, విద్యావేత్త, బ్రిటిషు పాలనపై తిరుగుబాటు చేసిన నాయకుడు. ఆయన కాలంలో ఈ దేశాన్ని న్యాసాలాండ్ అని పిలిచేవారు. అమెరికాలో చదువుకుని స్వదేశానికి తిరిగివచ్చిన చిలెంబ్వే, 1900లో ప్రావిడెన్స్ ఇండస్ట్రియల్ మిషన్ అనే సంస్థను స్థాపించి ఆఫ్రికన్ బాలబాలికలకు, యువకులకు పాఠశాలలు నడిపాడు. పదిహేనేళ్ళు బోధనలో గడిపిన తరువాత 1915 జనవరిలో సాయుధ తిరుగుబాటుకు నాయకత్వం వహించి, పదకొండు రోజులు తిరిగేసరికి మరణించాడు. మలావిలో ఏటా జనవరి 15వ తేదీని ఆయన పేరిట జాతీయ సెలవుదినంగా పాటిస్తారు.

బాల్యం, తొలి చదువు

చిలెంబ్వే దక్షిణ మలావిలోని చిరాద్జులు ప్రాంతంలో జన్మించాడు. తండ్రి యావో తెగకు, తల్లి మంగాంజా తెగకు చెందినవారు. ఆయన బాల్యంలో ఆ ప్రాంతంలో బానిసల వ్యాపారం ఇంకా సాగుతూ ఉండేది. 1891లో ఈ ప్రాంతం బ్రిటిషు రక్షిత ప్రాంతమయ్యింది. 1907 నుండి దీనికి న్యాసాలాండ్ అన్న పేరు అమలులోకి వచ్చింది.

స్కాట్లండు చర్చివారు 1876లో బ్లాంటైర్‌లో ఒక మిషన్‌ను స్థాపించారు. చిలెంబ్వే సుమారు 1890లో అక్కడి పాఠశాలలో చేరి చదవడం, వ్రాయడం నేర్చుకున్నాడు. అప్పట్లో ఒక ఆఫ్రికన్ యువకునికి అక్షరజ్ఞానం లభించాలంటే మిషన్ పాఠశాల తప్ప దాదాపు వేరే మార్గం లేదు.

జోసెఫ్ బూత్ సాహచర్యం

1892లో జోసెఫ్ బూత్ అనే ఆంగ్లేయ బాప్టిస్టు మిషనరీ న్యాసాలాండ్‌కు వచ్చాడు. భార్యను కోల్పోయిన బూత్ తన చిన్న కుమార్తె ఎమిలీని వెంట తీసుకొచ్చాడు. చిలెంబ్వే ఆయన ఇంట పనివాడుగా చేరి, వంట చేస్తూ ఆ బాలిక ఆలనాపాలనా చూశాడు. క్రమంగా బూత్‌కు దుబాసీగా, సన్నిహిత సహచరుడుగా మారాడు. 1893 జూలై 17న బూత్ చేతులమీదుగా బాప్తిస్మం పొందాడు.

బూత్ అభిప్రాయాలు ఆనాటి తెల్లవారికి రుచించేవి కావు. ఆఫ్రికా ఆఫ్రికన్లకే చెందాలని, మిషన్లు వ్యవసాయం, చేతిపనులు నేర్పి తమ ఖర్చులు తామే సంపాదించుకోవాలని, చివరకు వాటి నిర్వహణ కూడా ఆఫ్రికన్ల చేతికి రావాలని ఆయన వాదించాడు. బ్లాంటైర్ సమీపంలోని మిట్సిడి వద్ద జాంబెజీ ఇండస్ట్రియల్ మిషన్‌ను ఈ పద్ధతిలోనే ప్రారంభించాడు. చిలెంబ్వే తరువాత స్థాపించిన సంస్థకు ఈ ఆలోచనలే పునాది అయ్యాయి.

అమెరికాలో విద్యాభ్యాసం

1897లో బూత్, చిలెంబ్వే ఇంగ్లండు మీదుగా అమెరికా చేరుకున్నారు. అక్కడి నల్లజాతి బాప్టిస్టులు 1895లో నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌గా ఏర్పడి ఉన్నారు. వారు చిలెంబ్వేను ఆదరించి, అతని చదువు బాధ్యత స్వీకరించారు. ఆ తరువాత బూత్‌తో ఆయన మార్గం వేరయ్యింది.

వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో నల్లజాతివారు నడుపుతున్న వర్జీనియా థియలాజికల్ సెమినరీ అండ్ కాలేజీలో చిలెంబ్వే చేరాడు. గ్రెగరీ హేస్ అప్పుడు ఆ కళాశాల అధ్యక్షుడు. బానిసత్వం రద్దయి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. అయితే దక్షిణాది రాష్ట్రాలలో నల్లవారి ఓటుహక్కును తొలగించే చట్టాలు, వేర్పాటు నిబంధనలు అప్పుడే బలపడుతున్నాయి. నల్లవారు తమ సొంత చర్చీలు, కళాశాలలు, పత్రికలు నడుపుకోవడాన్ని, అదే సమయంలో వారు ఎదుర్కొంటున్న అవమానాలను చిలెంబ్వే దగ్గరగా చూశాడు. 1859లో బానిసత్వానికి వ్యతిరేకంగా ఆయుధం పట్టి ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ గురించి కూడా తెలుసుకున్నాడు. 1899లో బాప్టిస్టు పాదరీగా అభిషేకం పొంది, 1900లో స్వదేశానికి తిరిగివచ్చాడు.

ప్రావిడెన్స్ ఇండస్ట్రియల్ మిషన్

నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ఆర్థిక సహాయంతో చిలెంబ్వే చిరాద్జులు ప్రాంతంలోని మ్బోంబ్వే వద్ద 93 ఎకరాల భూమి కొని మిషన్‌ను ప్రారంభించాడు. 1901లో లాండన్ చీక్, 1902లో ఎమ్మా డెలానీ అనే ఇద్దరు నల్లజాతి అమెరికన్ మిషనరీలు ఆయనకు తోడుగా వచ్చారు. డెలానీ అట్లాంటాలోని స్పెల్మన్ సెమినరీలో చదువుకుంది. ఆమె బాలికలకు, స్త్రీలకు తరగతులు నిర్వహించింది. చిలెంబ్వే భార్య ఐడా కూడా స్త్రీలకు కుట్టుపని నేర్పేది. 1905లో డెలానీ, 1906లో చీక్ అమెరికాకు తిరిగివెళ్ళారు. ఆ తరువాత మిషన్ భారమంతా చిలెంబ్వేపైనే పడింది.

మిషన్‌లో బైబిలుతోపాటు చదువు, లెక్కలు, ఆంగ్లం, చేతిపనులు నేర్పేవారు. పొలాలలో ప్రత్తి, కాఫీ వంటి పంటలు వేశారు. మద్యపానం మానడం, శుభ్రంగా ఉండడం, కష్టపడి పనిచేయడం చిలెంబ్వే బోధనలో ముఖ్యాంశాలు. ఆయన స్వయంగా పాశ్చాత్య దుస్తులు ధరించి, తన అనుచరులను కూడా అలాగే ధరించమని ప్రోత్సహించేవాడు. ఆఫ్రికన్లు తెల్లవారి ఎదుట టోపీ తీయాలని ఆశించే ఆ కాలంలో, కోటు, టోపీ ధరించి నడిచే ఆఫ్రికన్‌ను చాలామంది తెల్లవారు గర్విష్ఠిగా పరిగణించేవారు.

1912 నాటికి మిషన్ ఏడు పాఠశాలలను నడిపేది. వాటిలో సుమారు వెయ్యి మంది పిల్లలు, ఎనిమిది వందల మంది వయోజనులు చదివేవారు. ప్రభుత్వం అప్పట్లో తానుగా పాఠశాలలు నడపలేదు. విద్య దాదాపు పూర్తిగా మిషన్ల చేతిలోనే ఉండేది. వాటిలో అత్యధికం తెల్లవారి యాజమాన్యంలోనివి. ఒక ఆఫ్రికన్ నాయకత్వంలో ఇంత పెద్ద పాఠశాలల వరుస ఉండడం ఆ కాలంలో అరుదు. 1911లో ఆరంభమై 1913లో పూర్తయిన ఇటుకల చర్చి భవనం చిలెంబ్వే అనుచరులకు గర్వకారణం అయ్యింది.

ఎస్టేట్లు, థంగాటా

మిషన్‌కు సమీపంలోనే మగొమెరో ఎస్టేటు ఉండేది. ప్రసిద్ధ యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్ మనుమడైన అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ బ్రూస్ కుటుంబానికి చెందిన ఈ ఎస్టేటు విస్తీర్ణం సుమారు 1,69,000 ఎకరాలు. దీని నిర్వాహకుడు విలియం జెర్విస్ లివింగ్‌స్టన్.

ఎస్టేటు భూమిలో గుడిసె వేసుకున్న ప్రతి కుటుంబం అద్దెకు బదులుగా యజమాని పొలంలో పనిచేయాలి. ఈ పద్ధతిని థంగాటా అనేవారు. పూర్వం ఈ మాటకు ఇరుగుపొరుగువారు ఒకరికొకరు సాయపడడం అని అర్థం. ఎస్టేట్ల కాలంలో అది వెట్టిచాకిరీకి పేరుగా మారింది. సరిగ్గా వానలు కురిసి సొంత పొలం దున్నుకోవలసిన సమయంలోనే యజమాని పనికి పిలుపు వచ్చేది. దీనికితోడు గుడిసె పన్ను కట్టాలి. పొరుగున ఉన్న పోర్చుగీసు తూర్పు ఆఫ్రికా (నేటి మొజాంబిక్) నుండి వచ్చి ఎస్టేట్లలో స్థిరపడిన వలస కుటుంబాలు ఈ పద్ధతి వలన ఎక్కువగా నష్టపోయాయి. ఇలా వచ్చినవారిలో చాలామంది చిలెంబ్వే సంఘంలో చేరారు. 1913లో కరువు వచ్చి వీరి పరిస్థితి మరింత దిగజారింది.

పాఠశాలల విషయంలో ఘర్షణ ఇక్కడే మొదలయ్యింది. ఎస్టేటు భూమిపై ఆఫ్రికన్లకు పాఠశాలలు పెట్టడాన్ని బ్రూస్ అనుమతించలేదు. చదువుకున్న కూలీలు అదుపులో ఉండరని ఆయన అభిప్రాయం. చిలెంబ్వే అనుచరులు ఎస్టేటులో నిర్మించుకున్న ప్రార్థనామందిరాలను లివింగ్‌స్టన్ తగలబెట్టించాడు. ఎస్టేటులో నివసించే సంఘస్థుల పిల్లలకు ఈ విధంగా చదువు, ప్రార్థన రెండూ దూరమయ్యాయి.

ఇదే కాలంలో చిలెంబ్వేను సొంత కష్టాలు కూడా చుట్టుముట్టాయి. ఆయనకు ఉబ్బసం ఉండేది. కంటిచూపు మందగించింది. కుమార్తె ఎమ్మా పసితనంలోనే చనిపోయింది. అప్పులు పెరిగాయి.

మొదటి ప్రపంచ యుద్ధం

1914 జూలై చివరలో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమయ్యింది. న్యాసాలాండ్‌కు ఉత్తరాన జర్మన్ తూర్పు ఆఫ్రికా ఉండడంతో యుద్ధం వెంటనే దేశ సరిహద్దును తాకింది. సెప్టెంబరులో కరోంగా వద్ద జరిగిన పోరాటంలో ఆఫ్రికన్ సైనికులు మరణించారు. సామాన్లు మోయడానికి వేలాది గ్రామస్థులను సమీకరించసాగారు.

చిలెంబ్వే నవంబరులో స్థానిక ఆంగ్ల పత్రికకు ఒక లేఖ వ్రాశాడు. తమకు సంబంధంలేని యుద్ధంలో ఆఫ్రికన్లు ఎందుకు చనిపోవాలని, శాంతికాలంలో ఏ హక్కూ ఇవ్వని ప్రభుత్వం యుద్ధకాలంలో మాత్రం ప్రాణాలు ఎందుకు కోరుతున్నదని అందులో ప్రశ్నించాడు. మరణించిన సైనికుల భార్యాబిడ్డల గతి ఏమిటని నిలదీశాడు. ప్రభుత్వం ఆ సంచికను నిలిపివేసింది. విన్నవించుకునే దారి మూసుకుపోయిందని చిలెంబ్వే నిశ్చయించుకున్నాడు. ఆయనను దేశం నుండి పంపివేయాలని అధికారులు కూడా ఆలోచించసాగారు.

1915 తిరుగుబాటు

1915 జనవరి 23, శనివారం రాత్రి తిరుగుబాటు మొదలయ్యింది. ఒక బృందం మగొమెరోలో లివింగ్‌స్టన్‌ను చంపి తల నరికింది. ఎస్టేటులో పనిచేసే మరో ఇద్దరు తెల్లవారు కూడా హతులయ్యారు. చిలెంబ్వే ఆదేశం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు హాని చేయకుండా వదిలిపెట్టారు. మరొక బృందం బ్లాంటైర్‌లో ఆఫ్రికన్ లేక్స్ కంపెనీ ఆయుధాగారంపై దాడి చేసింది. కానీ కొద్దిపాటి తుపాకులే దొరికాయి. న్చేవు ప్రాంతంలో ఫిలిపో చిన్యామా నాయకత్వంలో జరగవలసిన తిరుగుబాటు కూడా విఫలమయ్యింది.

మరునాడు ఆదివారం, చిలెంబ్వే తన చర్చిలో ప్రార్థన జరిపాడు. లివింగ్‌స్టన్ తలను ఒక కర్రకు గుచ్చి అక్కడ ఉంచారు. పదిహేనేళ్ళు పిల్లలకు అక్షరాలు నేర్పిన చోటనే ఈ దృశ్యం కనిపించడం చిలెంబ్వే జీవితంలో చరిత్రకారులను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశాలలో ఒకటి.

ఆశించినట్లు ప్రజలు పెద్దసంఖ్యలో కలిసిరాలేదు. జనవరి 26న ప్రభుత్వ సేనలు మ్బోంబ్వేను ఆక్రమించాయి. అదేరోజు తిరుగుబాటుదారులు న్గులూడిలోని రోమన్ కాథలిక్ మిషన్‌ను తగలబెట్టారు. ఆ మంటల్లో ఒక బాలిక మరణించింది. ఫిబ్రవరి 3న పోర్చుగీసు సరిహద్దు వైపు తప్పించుకుపోతున్న చిలెంబ్వేను మ్లాంజె ప్రాంతంలో పోలీసు దళానికి చెందిన ఆఫ్రికన్ సిబ్బంది కాల్చిచంపారు.

అణచివేత, విచారణ

ప్రభుత్వం మిషన్ చర్చిని డైనమైట్‌తో పేల్చివేసింది. సుమారు 40 మందికి మరణశిక్ష అమలు చేసింది. సుమారు 300 మందిని జైలుకు పంపింది. మిషన్ పాఠశాలలు మూతపడ్డాయి. మరణశిక్షకు గురైనవారిలో డంకన్ న్జిలిమా ఒకడు. ఆయన తన ఇద్దరు కుమారులను చదువు కోసం చీక్ వెంట అమెరికాకు పంపి ఉన్నాడు.

ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1916లో నివేదిక సమర్పించింది. తిరుగుబాటును ఖండిస్తూనే, మగొమెరోలో కూలీల పట్ల వ్యవహరించిన తీరును తప్పుబట్టింది. 1917లో థంగాటాను తొలగించే ఉద్దేశంతో ఒక చట్టం వచ్చింది. అయితే ఎస్టేటు యజమానుల వ్యతిరేకత వలన అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. స్వతంత్ర ఆఫ్రికన్ సంఘాలపై అధికారుల నిఘా మాత్రం చాలాకాలం కొనసాగింది.

మిషన్ పునరుద్ధరణ

మిషన్ పాఠశాలలో చదివిన తొలి విద్యార్థులలో డేనియల్ మలెకెబు ఒకడు. బాలుడుగా ఉన్నప్పుడు డెలానీ ఇంట పనిచేసిన ఇతడు, ఆమె వెళ్ళిన తరువాత తానుకూడా అమెరికా చేరుకున్నాడు. నల్లజాతి వైద్యులను తయారుచేయడంలో పేరొందిన మెహారీ వైద్య కళాశాల నుండి 1917లో పట్టా పొందాడు. స్పెల్మన్‌లో చదువుకున్న ఫ్లోరా అనే కాంగో దేశీయురాలిని వివాహమాడాడు.

తిరుగుబాటు జరిగినప్పుడు మలెకెబు అమెరికాలోనే ఉన్నాడు. తరువాత స్వదేశానికి రావడానికి ప్రయత్నించగా చిలెంబ్వే శిష్యుడన్న అనుమానంతో ప్రభుత్వం మొదట అనుమతించలేదు. 1926లో అనుమతి లభించింది. అదే సంవత్సరం ఆయన మిషన్‌ను తిరిగి తెరిచాడు. శిథిలమైన చర్చి స్థానంలో కొత్త చర్చి నిర్మించాడు. పాఠశాలతోపాటు వైద్యసేవను కూడా చేర్చాడు. ప్రభుత్వంతో ఘర్షణకు దిగకుండా విద్య, వైద్యం, మతబోధ ద్వారానే మార్పు సాధించాలన్నది ఆయన మార్గం. చిలెంబ్వే చేపట్టిన పనిలో తుపాకి విఫలమైన తరువాత కూడా పాఠశాల మిగిలి ఉండడానికి మలెకెబు ముఖ్య కారకుడు.

గుర్తింపు

చిలెంబ్వే సమాధి ఎక్కడ ఉన్నదో తెలిపే గుర్తు ఏదీ ఉంచకుండా ఆయనను ఖననం చేశారు. వలస పాలన కాలంలో ఆయనను మతోన్మాదిగా చిత్రించారు. 1958లో జార్జ్ షెపర్సన్, థామస్ ప్రైస్ అనే చరిత్రకారులు వ్రాసిన బృహత్ గ్రంథం ఆయన జీవితాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చింది. 1964 జూలై 6న స్వాతంత్ర్యం పొందిన మలావి ఆయనను జాతీయ వీరునిగా గౌరవించింది. 1997 నుండి ఆయన చిత్రం మలావి కరెన్సీ అయిన క్వాచా నోట్లపై కనిపించసాగింది.

చిలెంబ్వే 1914లో జాన్ చోర్లీ అనే ఆంగ్ల మిషనరీ పక్కన టోపీ ధరించి నిలబడి తీయించుకున్న ఫోటో ఆధారంగా మలావి శిల్పి శాంసన్ కంబలు ఒక విగ్రహాన్ని తయారుచేశాడు. 2022 సెప్టెంబరులో దీనిని లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆవిష్కరించారు. ఇందులో చిలెంబ్వే రూపం చోర్లీ రూపం కంటే చాలా పెద్దదిగా ఉంటుంది. 2024 వరకు ఈ విగ్రహం ఆ కూడలిలో ప్రదర్శనలో ఉన్నది.