తెలుగు బడికి ప్రాణం పోసిన మాడపాటి పంతులు

యాదగిరిగుట్ట: పొద్దున తొమ్మిది దాటితే గుట్ట చుట్టుపట్ల పల్లెల్లో ఆడపిల్లలు పుస్తకాల సంచులు భుజాన వేసుకుని బడిదారి పట్టడం ఈనాడు ఎవరికీ వింత కాదు. సర్కారు బడిలో ఇచ్చే పుస్తకం తెరిస్తే ఒక పుటన తెలుగు, ఎదుటి పుటన ఇంగ్లీషు కనిపిస్తాయి. ఆ తెలుగు పుట వెనుక ఎంత కథ ఉన్నదో చదివే పిల్లలకు తెలియదు, చాలామంది తల్లిదండ్రులకూ తెలియదు. నూరేళ్ల కిందట ఈ ప్రాంతంలో పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటలో పెద్ద బడి చదువు చదివే వీలు లేదు. ఆ వీలు కోసం జీవితమంతా పాటుపడిన పెద్దమనిషి శ్రీ మాడపాటి హనుమంతరావు పంతులు. తెలంగాణ ప్రజలు ఆయనను ఆంధ్ర పితామహుడని పిలుచుకున్నారు.

సూర్యాపేటలో పెరిగిన బాలుడు

హనుమంతరావు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. నల్లగొండ జిల్లా సూర్యాపేటలో మేనమామల అండన పెరిగారు. తొలి చదువు అక్కడే సాగింది. ఆ తరువాత హనుమకొండ వెళ్లి మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. చదువు ముగిశాక హనుమకొండలోనే సర్కారు కచేరీలో గుమాస్తాగా చేరారు.

ఆయన బాల్యం నాటి పల్లె బడి ఎట్లా ఉండేదో పాతతరం వారికి తెలుసు. ఊరి పెద్ద అరుగు మీదనో, గుడి సావడిలోనో, చెట్టు నీడననో బడి నడిచేది. ఇసుక పరచి వేలితో అక్షరాలు దిద్దించేవారు. చెయ్యి తిరిగాక పలక, బలపం ఇచ్చేవారు. గుణింతాలు, ఎక్కాలు, పెద్దబాలశిక్ష, శతక పద్యాలు అన్నీ కంఠతా రావాలి. అప్పగించలేని వానికి గుంజీలు తప్పవు. పంతులుకు నెల జీతమంటూ ఉండేది కాదు. పంట ఇంటికి వచ్చినప్పుడు జొన్నలో, వడ్లో కొలిచేవారు. ఈ బడులను ఖాన్గీ బడులు అనేవారు. పేదదైనా ఆ బడిలో పిల్లవానికి చెప్పేది అర్థమయ్యేది. ఎందుకంటే పంతులు మాట, పిల్లవాని మాట ఒకటే.

సర్కారు బడి సంగతి వేరు. తహతానియా, వస్తానియా, ఫౌఖానియా అని మూడంచెలుగా ఆ చదువు ఉండేది. కింది తరగతుల్లో తెలుగుకు కాస్త చోటుండేది. పై తరగతులకు పోయిన కొద్దీ పాఠమంతా ఉర్దూలోనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా వెలసిన తరువాత హైస్కూళ్లు కూడా ఆ దారికే వచ్చాయి. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం గొప్ప సంగతే. అయితే నైజాం రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మంది ఇంటి భాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు వేరే ఉన్నారు. వాళ్ల పిల్లలకు లెక్క వచ్చినా, లెక్క ప్రశ్న అర్థం కాని స్థితి దాపురించింది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఆ పిల్లల పట్ల నిజమయింది. సగంలో బడి మానినవాడు మందమతి అనిపించుకున్నాడు. తప్పు వాని తలలో లేదని చెప్పేవారు అప్పట్లో తక్కువ.

ఉర్దూ మీద పగ లేదు

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. శ్రీ మాడపాటికి ఉర్దూ రానందువల్ల తెలుగు కావాలన్నవారు కారు. ఆయన ఉర్దూ, పారశీక భాషల్లో దిట్ట. హైదరాబాదు చేరి న్యాయశాఖలో అనువాదకునిగా పనిచేసి, ఆపైన వకీలు పరీక్ష ప్యాసై వకాలతు చేపట్టారు. ఆయన బతుకుతెరువంతా ఉర్దూలోనే నడిచింది. ముషీరె దక్కన్ అనే ఉర్దూ దినపత్రికకు వ్యాసాలు రాశారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసినవారిలో ఆయన తొలితరం వారు. ఒక భాష మీద పగతో మరొక భాషకు మేలు చేయవచ్చునని ఆయన ఏనాడూ తలచలేదు. పిల్లవాడు ముందు తన భాషలో చదవాలి, తరువాత ఎన్ని భాషలైనా నేర్వాలి అన్నదే ఆయన పట్టుదల.

హనుమకొండలో ఉన్న రోజుల్లోనే, 1904లో, రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం స్థాపనలో పాలుపంచుకున్నారు. అంతకు మూడేళ్ల ముందు, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం వెలసింది. దానిని నిలబెట్టినవారిలో నల్లగొండ జిల్లాకు చెందిన శ్రీ రావిచెట్టు రంగారావు ఒకరు. బడిలో దొరకని తెలుగు గ్రంథాలయంలో దొరకాలని ఆ తరం పెద్దలు ఆశించారు. అందుకే తెలంగాణలో తెలుగు ఉద్యమం గ్రంథాలయాలతో మొదలయింది.

గోల చేసి కూర్చోబెట్టిన సభ

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కరణ సభ జరిగింది. పూనా నుంచి వచ్చిన మహర్షి కార్వే అధ్యక్షత వహించారు. సభలో ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సజావుగా సాగాయి. శ్రీ అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోగా సభలో కొందరు గోల చేశారు, ఎగతాళి చేశారు. ఆయన మాట పూర్తికానీయలేదు. సభలో ఉన్న తెలుగువారి మనసు చివుక్కుమన్నది. వెంటనే కొందరు ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘాన్ని ఏర్పరచుకున్నారు. దానికి కార్యదర్శిగా పని నెత్తికెత్తుకున్నది శ్రీ మాడపాటి.

సంఘం ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టించింది. వెట్టిచాకిరి, మోతర్ఫా పన్ను, వర్తకుల హక్కులు వంటి విషయాల మీద చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచింది. చట్టంలో ఏమున్నదో జనానికి తెలిస్తే సగం భయం పోతుందని పంతులుగారి నమ్మకం. వకీలు కనుక ప్రతి మాట చట్టానికి లోబడి రాసేవారు. నల్లగొండలో 1924లోను, సూర్యాపేటలో 1928లోను సంఘం మహాసభలు జరిగాయి. నల్లగొండ నుంచి 1922లో నీలగిరి పత్రిక వెలువడటం కూడా ఈ కదలికలోని భాగమే.

మూతపడిన ఖాన్గీ బడులు

ఇంతలో పల్లె బడికే ఎసరు వచ్చింది. 1924లో సర్కారు ఖాన్గీ పాఠశాలలకు నిబంధనలు విధించింది. ముందుగా అనుమతి పొందనిదే ఎవరూ బడి నడపరాదన్నది. అరుగు మీద నలుగురు పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు చెప్పే పంతులుకు దరఖాస్తు ఎట్లా పెట్టుకోవాలో తెలియదు. పెట్టినా జవాబు వచ్చేదాకా బడి తెరవరాదు. ఫలితంగా నాలుగు వేలకు పైబడిన ఖాన్గీ బడులు రెండేళ్లు తిరగకముందే సుమారు వెయ్యికి పడిపోయాయి. నూటికి అయిదుగురు కూడా చదువు రాని రాష్ట్రంలో ఉన్న దీపాలు కూడా ఆరిపోయాయి.

శ్రీ మాడపాటి, ఆయన సహచరులు ఈ నిబంధనలు సడలించాలని విజ్ఞప్తులు పంపారు. సభల్లో తీర్మానాలు చేయించారు. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది మొదలు మాతృభాషలో బోధన, స్త్రీ విద్య అన్నవి ఆ వేదిక మీద మాటిమాటికీ వినిపించాయి. 1935లో సిరిసిల్ల మహాసభకు ఆయనే అధ్యక్షులు. అయితే కాగితాల మీద తీర్మానాలతోనే తృప్తిపడక, ఒక బడి పెట్టి చూపించాలని ఆయన అంతకు ముందే పూనుకున్నారు.

ఆడపిల్లల బడి

1928లో హైదరాబాదులో ఆంధ్ర బాలికల ఉన్నత పాఠశాలను నెలకొల్పారు. నారాయణగూడలో స్థిరపడిన ఈ బడిలో చదువంతా తెలుగులోనే. చరిత్ర తెలుగులో, లెక్కలు తెలుగులో, భూగోళం తెలుగులో. ఈనాడు ఇందులో విశేషమేమున్నదని అనిపించవచ్చు. ఆనాడు హైస్కూలు చదువు తెలుగులో చెప్పడమనేది నైజాం రాష్ట్రంలో కొత్త సంగతి.

ఆడపిల్లల బడితో మొదలుపెట్టడంలో లోకజ్ఞానం కూడా ఉన్నది. మగపిల్లవాడు చదివేది నౌకరీకి. నౌకరీకి ఉర్దూ చదువు కావాలి. కనుక తెలుగు హైస్కూలు పెడితే కొడుకును పంపడానికి తండ్రులు జంకుతారు. ఆడపిల్లకు నౌకరీ అవసరమని ఆనాడు ఎవరూ అనుకోలేదు. అసలు ఆమెకు చదువే ఎందుకన్నవారే ఎక్కువ. ఎవరికీ పట్టని ఆ మూల నుంచే తెలుగు చదువుకు దారి తెరుచుకున్నది.

ఇక పరీక్ష ఎవరు పెట్టాలి, పట్టా ఎవరు ఇవ్వాలి అన్నది పెద్ద చిక్కు. తెలుగులో నడిచే హైస్కూలుకు స్థానికంగా గుర్తింపు దొరకదు. పట్టా లేని చదువుకు పిల్లలను పంపమంటే తల్లిదండ్రులు వినరు. గుర్తింపు కావాలంటే బోధన భాష మార్చాలి. భాష మారిస్తే బడి పెట్టిన ప్రయోజనమే పోతుంది. అప్పుడు ఆయన చూపు పూనా వైపు మళ్లింది. మహర్షి కార్వే 1916లో అక్కడ మహిళా విశ్వవిద్యాలయం స్థాపించారు. స్త్రీలకు మాతృభాషలో చదువు చెప్పాలన్నది ఆ విద్యాలయం నియమం. నారాయణగూడ బడిని దానికి అనుబంధంగా చేశారు. ఏ సభలో తెలుగు మాట నవ్వులపాలయిందో ఆ సభకు అధ్యక్షత వహించిన కార్వే స్థాపించిన విద్యాలయమే తెలుగు బడికి నీడ ఇచ్చింది. ఇంట గుర్తింపు లేని చదువు పొరుగున గుర్తింపు తెచ్చుకున్నది.

బడి నడపడం తేలిక కాలేదు. చందాల కోసం పెద్దల గడపలు తొక్కాలి. పిల్లలను పంపమని తల్లిదండ్రులను బతిమాలాలి. వకాలతు పని చూసుకుంటూనే పంతులుగారు ఈ భారం మోశారు.

మంటపురి నుంచి నారాయణగూడకు

ఆ బడి ఫలం యాదగిరిగుట్ట ప్రాంతానికి కూడా అందింది. ఆలేరు దగ్గరి మంటపురిలో 1920లో పుట్టిన రుక్మిణికి కొలనుపాకకు చెందిన శ్రీ ఆరుట్ల రామచంద్రారెడ్డితో చిన్నవయసులోనే పెళ్లి అయింది. పెళ్లయిన పిల్లకు చదువేమిటని లోకం అనే రోజుల్లో భర్త ఆమెను నారాయణగూడ బడిలో చేర్పించారు. ఆ రుక్మిణే శ్రీమతి ఆరుట్ల కమలాదేవి. ఆంధ్ర మహాసభలో, ఆపైన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నారు. 1952, 1957, 1962 ఎన్నికల్లో ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 2001లో ఆమె మరణించారు. పల్లెటూరి పిల్లకు అర్థమయ్యే మాటలో చదువు చెబితే ఆమె ఎంత దూరం పోగలదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

అయితే గురువు నడిచిన దారి ఒకటి, ఆ బడిలో చదివినవారు నడిచిన దారి మరొకటి అయింది. శ్రీ మాడపాటిది విజ్ఞప్తుల మార్గం. సర్కారుతో తెగేదాకా లాగరాదని ఆయన తలపు. ఈ నెమ్మది యువకులకు రుచించలేదు. బొల్లేపల్లి బిడ్డ శ్రీ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1944లో భువనగిరిలో జరిగిన మహాసభతో ఆంధ్ర మహాసభ రెండుగా చీలింది. జాగీర్దారుల, దొరల దౌర్జన్యాలతో నలిగిన రైతుకు దరఖాస్తులు చాలవని వారు అన్నారు. అందులో నిజం ఉన్నది. అయితే ఆ దౌర్జన్యాలను గురించి పల్లెల్లో చదివి వినిపించిన తొలి కరపత్రాలు పంతులుగారి సంఘం పంచినవేనన్నది కూడా నిజమే.

పదవులు, పట్టింపులు

1948 సెప్టెంబరు 17 తరువాత కాలం మారింది. క్రమంగా హైస్కూళ్లలో తెలుగు బోధనా భాష అయింది. ఇరవై ఏళ్ల ముందు నారాయణగూడలో చేసి చూపింది ఊరూరా వచ్చింది. 1951లో శ్రీ మాడపాటి హైదరాబాదు నగరానికి మేయరయ్యారు. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులై 1964 వరకు ఆ పదవి నిర్వహించారు. ఉద్యమం నడిచిన తీరును తెలంగాణ ఆంధ్రోద్యమము అనే పేరుతో రెండు భాగాలుగా రాసి పెట్టారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు. నారాయణగూడ బడికి ఆయన పేరు పెట్టారు.

నూరేళ్ల కిందటి ప్రశ్న

2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరిగా బోధించాలని చట్టం చేసింది. 2022–23 విద్యా సంవత్సరం నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టింది. రెండు భాషల పుటలు పక్కపక్కన వచ్చింది అప్పుడే. కూలికి పోయే తల్లి కూడా తన బిడ్డకు ఇంగ్లీషు రావాలని కోరుతున్నది. ఆ కోరికను తప్పు పట్టలేము. ఆనాడు ఉర్దూ చదువు నౌకరీ ఇచ్చినట్టే ఈనాడు ఇంగ్లీషు నౌకరీ ఇస్తుందని ఆమెకు తెలుసు.

మాడపాటి పంతులు జీవితం చూస్తే ఇంగ్లీషు వద్దనే మాట అందులో దొరకదు. ఉర్దూలో బతికి తెలుగు బడి పెట్టిన మనిషి ఆయన. ఆయన బతుకు నేర్పేది ఒక్కటే. తరగతిలో చివరి వరుసన కూర్చున్న పిల్లకు పాఠం అర్థమవుతున్నదా లేదా అని ముందు చూడాలి. అర్థం కాకపోతే ఆ పిల్లను మందమతి అనే ముందు, ఆమెకు తెలిసిన మాటలో ఒక్కసారి చెప్పి చూడాలి. గుట్ట కింది బడుల్లో పాఠం చెప్పే పంతుళ్లకు, పంతులమ్మలకు, బిడ్డలను పంపే తల్లిదండ్రులకు ఆ సంగతి గుర్తుంటే చాలు. ఆ పెద్దాయనకు అంతకు మించిన నివాళి లేదు.