బారువ బిడ్డకు జేజేలు

ఆగస్టు 15న జెండా పండగ అయ్యిందో లేదో, శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానానికి మర్నాడే ఇంకో పండగ. సర్దార్ గౌతు లచ్చన్న గారు పుట్టిన రోజు. 2006 ఏప్రిల్‌లో ఆయన మనల్ని విడిచి వెళ్ళినా, ఈ రోజున మాకు కన్నీళ్ళు రావు, ఛాతీ ఉప్పొంగుతుంది. అందుకే నివాళి అనకుండా అభినందన అనే రాస్తున్నాను.

1909లో బారువలో, కల్లుగీత వృత్తి చేసుకునే ఇంట్లో పుట్టారు. ఆ బతుకు ఎలాంటిదో తాటిచెట్టు కింద నిలబడి చూసినవాళ్ళకి తెలుసు. తెల్లారకముందే నడుముకి మోకు బిగించి, గీతకత్తి చెక్కుకుని ఎక్కాలి, నిండిన కుండ తొణక్కుండా దించాలి. కాలు జారితే ఒక్క మనిషి కాదు, ఇల్లంతా పడిపోతుంది. అలాంటి ఇంటి కుర్రాడు 1930లో ఇంకా చదువు ముగియకుండానే ఉప్పు సత్యాగ్రహంలోకి దూకాడు. బారువ సముద్రపు నీళ్ళతో ఉప్పు వండి జైలుకు వెళ్ళాడు. ఆ తర్వాత జైలు ఆయనకి కొత్త కాలేదు.

ఆయన రాజకీయం పెరిగిన నేల కూడా మామూలు నేల కాదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. అది ముగిసిన కొద్ది రోజులకే మందస జమీందారీలో, అడవి కట్టెల మీద హక్కు కోసం నిలబడ్డ రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రైతుల్లో ఒకరైన వీర గున్నమ్మ నేలకొరిగింది. ఆ కాలపు రైతు ఉద్యమంలోంచి వచ్చిన నాయకుడు కాబట్టే, పదవిలో ఉన్నా లేకున్నా లచ్చన్న గారి మాటలో పొలం గట్టు వినిపించేది. మద్యనిషేధంతో గీత కార్మికుల పొయ్యి ఆరిపోయినప్పుడు వాళ్ళని కూడగట్టి సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో ఆ నిషేధం మీదే అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒకే ఒక్క ఓటు తేడాతో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది. ప్రకాశం గారు ఎంత పెద్దవారో తెలిసి కూడా నేను ఈ విషయంలో గీత కార్మికుల పక్షమే.

మంత్రి పదవి, ప్రతిపక్ష నాయకత్వం, జై ఆంధ్ర ఉద్యమం, ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. నాకు వీటన్నిటికంటే 1967 ఎక్కువ ఇష్టం. ఆ ఏడాది స్వతంత్ర పార్టీ తరఫున ఆయన సోంపేట అసెంబ్లీకీ, శ్రీకాకుళం లోక్‌సభకీ నిలబడి రెండూ గెలిచారు. అదే ఎన్నికల్లో ఆయన గురువు ఆచార్య ఎన్.జి. రంగా చిత్తూరులో ఓడిపోయారు. రైతు పక్షాన పార్లమెంటులో అంత గట్టి గొంతు లేకుండా పోతుందని లచ్చన్న గారు ఊరుకోలేదు. లోక్‌సభ సీటు వదులుకున్నారు. ఉప ఎన్నికలో రంగా గారిని శ్రీకాకుళం రప్పించి, గెలిపించి, ఢిల్లీ పంపించారు. ఎక్కడి రంగా గారి ఊరు నిడుబ్రోలు, ఎక్కడి శ్రీకాకుళం! ‘మా లచ్చన్న తెచ్చిన మనిషి’ అంటే మావాళ్ళకి అంతకంటే పరిచయం అక్కర్లేకపోయింది. వార్డు మెంబరు పదవి కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసే చోట, చేతికొచ్చిన ఎంపీ పదవిని గురువు చేతిలో పెట్టడం చిన్న సంగతా?

ఇంటి సంగతికి వస్తే ముందు యశోదాదేవి గారి పేరు చెప్పాలి. ఉద్యమాల మనిషిని కట్టుకుంటే ఆయన ఎప్పుడు ఇంట్లో ఉంటారో, ఎప్పుడు జైల్లో ఉంటారో తెలియదు. అన్ని దశాబ్దాల ప్రజాజీవితం వెనుక ఆవిడ ఓర్పు ఉంది. జయంతి సభల్లో ఆవిడ పేరు ఇంకా పెద్దగా వినిపించాలని నా కోరిక. ఆ ఇంటి పిల్లలు కూడా ఊరిని వదిలి పోలేదు. కుమారుడు శ్యామసుందర శివాజీ గారిని 1985 నుంచి వరసగా ఐదుసార్లు సోంపేట గెలిపించింది, తర్వాత 2014లో పలాస గెలిపించింది. మనవరాలు శిరీష గారు 2024లో అదే పలాస నుంచి శాసనసభకు వెళ్ళారు. వారసత్వ రాజకీయం అని ఎవరైనా అనవచ్చు. తాతని చూసిన కళ్ళతోనే మావాళ్ళు కొడుకునీ మనవరాలినీ నిలదీస్తారు, ఆ కొలత తేలికైనది కాదు.

నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. రైతు నాయకుడి పేరు రైతు పొలానికి నీళ్ళిచ్చే చోట ఉండటం కంటే సరైన గౌరవం నాకు తోచదు.

శివాజీ గారికీ, శిరీష గారికీ, ఇంటిల్లిపాదికీ ఉద్దానం తరఫున జయంతి శుభాకాంక్షలు. బారువ వచ్చే మిత్రులకి ఒక విన్నపం: ఈసారి దండలు రెండు తెండి. రెండోది యశోదమ్మ గారికి.