రాజుగారి ఇంట్లో నత్తి

1895 డిసెంబరు 14న ఇంగ్లండులోని శాండ్రింగ్‌హామ్‌లో ఒక మగబిడ్డ పుట్టాడు. 34 ఏళ్ల క్రితం సరిగ్గా అదే తేదీన విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ చనిపోయాడు. వృద్ధురాలైన రాణి మనసు నొచ్చుకుంటుందేమోనని ఇంటివారు భయపడి, బిడ్డకు ఆల్బర్ట్ పేరే పెట్టారు. ముద్దుపేరు బెర్టీ. తరువాతి కాలంలో ఆరవ జార్జి రాజుగా, మన దేశపు చివరి చక్రవర్తిగా లోకం ఎరిగినది ఈయననే.

సుమారు ఎనిమిదేళ్ల వయసులో బెర్టీకి నత్తి బయటపడింది. ఆ ఇంటి తీరు కొంచెం చూద్దాం. అన్న ఎడ్వర్డ్ చలాకీ, అందరికీ ముద్దు. ఇద్దరినీ పెంచిన మొదటి ఆయా పెద్దవాడిని నెత్తిన పెట్టుకుని బెర్టీని నిర్లక్ష్యం చేసిందనీ, వేళకు సరిగా తిండి కూడా పెట్టలేదనీ జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఎడమచేతి వాటం గల పిల్లవాడిచేత కుడిచేత్తోనే రాయించారు. మోకాళ్లు సరిచేయడానికి కాళ్లకు బద్దలు కట్టారు. తండ్రి ఐదవ జార్జి నౌకాదళంలో పెరిగినవాడు, ఇంటినీ ఓడలాగే నడిపాడు. గ్రంథాలయ గదికి పిలుపు వచ్చిందంటే చీవాట్లేనని పిల్లలకు తెలుసు. కొడుకు మాట తడబడితే త్వరగా చెప్పమని గదిమేవాడు. గదిమినకొద్దీ గొంతు మరింత బిగుసుకునేది.

ఆ తండ్రి దుర్మార్గుడని మేము అనము. కొడుకు పెళ్లయ్యాక అతనికి ఎంతో ప్రేమగా ఉత్తరం రాశాడు. పైగా నత్తిని తల్లిదండ్రులు పుట్టించరని నేటి వైద్యులు చెబుతున్నారు. మెదడు పనితీరు, వంశపారంపర్యం దానికి మూలాలు. కానీ తడబడే బిడ్డను ఇల్లు తొందరపెడుతుందా, ఓపికగా వింటుందా అన్నది వాడి భయాన్ని పెంచనూ గలదు, తగ్గించనూ గలదు. క్రిస్మస్‌కు కంఠత వాక్యం చెప్పబోయి ఆగిపోయిన పిల్లవాడిని చూసి మన సంఘాల్లో కూడా ముందు నవ్వేది వాడి బంధువులే.

1925 అక్టోబరు 31న వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభలో బెర్టీ ప్రసంగం వినేవారికీ చెప్పేవానికీ నరకమైంది. అప్పటికి ఆయనకు పెళ్లయి రెండేళ్లు. భార్య ఎలిజబెత్ ఇక్కడ చేసిన మేలు గొప్పది. వైద్యాలన్నీ విఫలమై విసిగిపోయిన భర్తను మరొక్కసారి ప్రయత్నించమని ఒప్పించింది. 1926 అక్టోబరులో ఆయన ఆస్ట్రేలియా నుండి వచ్చిన లయొనెల్ లోగ్ వద్దకు వెళ్లాడు. లోగ్‌కు వైద్య పట్టా లేదు. ఊపిరి తీసే అభ్యాసాలు నేర్పాడు, రాకుమారుణ్ణి సమానుడిగా చూశాడు. చాలా రోజులు ఎలిజబెత్ కూడా వెంట వెళ్లి అభ్యాసాల్లో కూర్చునేది.

1936 డిసెంబరులో అన్న సింహాసనం వదులుకోగా, మాట్లాడటమంటేనే భయపడిన తమ్ముడు రాజయ్యాడు. 1939 సెప్టెంబరు 3న యుద్ధ వార్తను రేడియోలో ప్రజలకు చెప్పవలసి వచ్చింది. ఆ గదిలో లోగ్ ఆయనతోనే ఉన్నాడు. నత్తి పూర్తిగా పోలేదు. ఆ రికార్డు నేటికీ ఉంది. మాటకూ మాటకూ మధ్య ఆయన ఆగిన చోట్లన్నీ అందులో వినిపిస్తాయి.