కేరీ అను ఇంటిపేరు

నేడు కోల్‌కతా అని పిలువబడు కలకత్తా నగరమున, బౌబజారు ప్రాంతములో, కేరీ బాప్టిస్టు సంఘమను పేరుగల ఆరాధన మందిరమొకటి గలదు. అచ్చటనుండి హుగ్లీనది యెగువకు కొంత దూరము పోయినచో సెరంపూరు పట్టణమున కేరీ గ్రంథాలయము గలదు. వృక్షశాస్త్ర గ్రంథములను తెరచినచో, మన కొండ అడవులలోను పెరుగు ఒక చెట్టునకు కేరియా అను పేరు కనబడును. ఇంగ్లండు దేశమున ఇది అరుదైన యింటిపేరు కాదు. మొదటి ఎలిజబెతు రాణి ఆస్థానమున హెన్రీ కేరీ అను ప్రభువుండెను. 18వ శతాబ్దమున అదే పేరుతో ఒక కవియు నుండెను. నేటి యువజనులకు ఆ పేరు వినగానే అమెరికా గాయని మరియా కేరీ జ్ఞప్తికి వచ్చునేమో. అయినను భారతదేశపు క్రైస్తవులకు కేరీ అనగా చెప్పులు కుట్టుకొని బ్రదికి, తరువాత దేవుని వాక్యమును అనేక భాషలలోనికి తెచ్చిన విలియం కేరీ యొక్కడే. ఆ పేరు మోసినవారు ఆయనతో కూడ ఈ దేశమునకు మరికొందరు వచ్చిరి: భార్య, కుమారులు, తమ్ముని కుమారుడు. వారిని ప్రక్కన నుంచి ఆయన చరిత్రను చెప్పుకొనుట మన సంఘములలో అలవాటైపోయినది.

విలియం కేరీ 1761 ఆగష్టు 17న నార్తాంప్టన్‌షైరులోని పాలర్స్‌పరీ గ్రామమున పుట్టెను. తండ్రి ఎడ్మండ్ కేరీ మొదట నేతపనివాడు, తరువాత గ్రామపు బడిపంతులు. బాలుడు చెప్పులు కుట్టు పని నేర్చుకొనుటకు పెట్టబడెను. తోలుపని చేయువారి గృహములలోనే సువార్త మొదట విస్తారముగా వ్రేళ్లూనిన తెలుగు సంఘమునకు ఈ సంగతి చిన్నది కాదు. 1781లో డారతీ ప్లాకెట్ అను యువతిని వివాహమాడెను. ఆమెకు చదువురాదు, వివాహపు రిజిస్టరులో సంతకమునకు మారుగా గుర్తు పెట్టెను. భర్త తోలు కోయు బల్లయొద్దనే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనుచుండగా ఆమె పేదరికముతో కాపురము నడిపెను, ఇద్దరు ఆడుబిడ్డలను పాతిపెట్టెను.

కేరీ 1783లో బాప్తిస్మము పొంది, మౌల్టనులోను లెస్టరులోను సంఘకాపరియై, అన్యజనులకు సువార్త ప్రకటించు బాధ్యతను గూర్చి 1792లో ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆ సంవత్సరము అక్టోబరు 2న కెట్టరింగు పట్టణమున కొద్దిమంది పాదిరులు కూడి బాప్టిస్టు మిషనెరీ సంఘమును స్థాపించిరి. నాడు వారు వ్రాసియిచ్చిన చందా 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు మాత్రమే. ఇవి అందరు ఎరిగిన సంగతులే.

డారతీ రానని చెప్పెను. నిండు గర్భిణి, సముద్రమును, తాను పోవలసిన దేశమును ఆమె చూచి యెరుగదు. కేరీ పెద్దకుమారుడైన ఫీలిక్సును మాత్రము వెంటబెట్టుకొని బయలుదేరెను. ఎక్కిన ఓడ రేవుదాటక మునుపే అనుమతిపత్రము లేని కారణమున దిగవలసివచ్చెను. ఆ ఆలస్యములో ఆయనయు సహచరుడైన డాక్టరు జాన్ థామసును తిరిగి ఇంటికి పోయి ఆమెను ఒత్తిడి చేసిరి. చెల్లెలు కేథరిన్ తోడువచ్చినయెడల వత్తునని ఆమె తుదకు ఒప్పుకొనెను. ఒడిలో కొలది వారముల పసిబిడ్డ జేబెజ్. 1793 జూన్ 13న డెన్మార్కు ఓడ యెక్కి నవంబరు 11న కలకత్తా చేరిరి.

కలకత్తా వారిని ఆదరించలేదు. తెచ్చిన ధనము త్వరలోనే అయిపోయెను. మాణిక్తలాలో ఒక హిందువు దయతో ఇచ్చిన తోటయింట తలదాచుకొనిరి. తరువాత సుందరవనముల అంచునకు, అచ్చటనుండి ఉత్తర బెంగాలులోని మదనాబాటికి పోయి, కేరీ నీలిమందు కర్మాగారమున మేనేజరుగా జీతమునకు కుదిరెను. అక్కడ 1794 అక్టోబరులో అయిదేండ్ల పీటరు రక్తవిరేచనములచేత మరణించెను. ఆ చిన్నవానికి సమాధి త్రవ్వుటకు మనుష్యులు దొరకుట గగనమాయెను. ఆ మరుసటి సంవత్సరము డారతీ మతి చలించెను. భర్తమీద లేనిపోని నిందలు మోపుచు, ఆయన వెంటబడి వీధులలో కేకలువేయుచు, ఒక్కొక్కప్పుడు ఆయనను గాయపరచ చూచుచు, ఆమె 12 సంవత్సరములు జీవించెను. వెర్రివారి కొరకు నాడుండిన ఆశ్రమములకు ఆమెను పంపుటకు కేరీ సమ్మతింపలేదు. ఆమెను ఒక గదిలో నుంచి, ప్రక్క గదిలో తర్జుమా చేయుచుండెను. ఆయన ఓర్పును కొనియాడు గ్రంథములు అనేకములు గలవు. ఆ గది తలుపు ఆవలి వైపున ఉన్న స్త్రీని గూర్చి ఆలోచింపక ఆ ఓర్పును మాత్రమే ప్రశంసించుట న్యాయము కాదు.

1800 జనవరిలో కేరీ కుటుంబము డెన్మార్కువారి ఏలుబడిలోని సెరంపూరు చేరెను. కంపెనీవారి ప్రభుత్వము మిషనెరీలను సహింపని దినములవి. జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అంతకుముందే అచ్చట దిగియుండిరి. ఆ డిసెంబరు 28న హుగ్లీనదిలో కేరీ ఇద్దరికి బాప్తిస్మమిచ్చెను: ఒకడు కృష్ణపాల్ అను వడ్రంగి, మరియొకడు తన సొంత కుమారుడు ఫీలిక్సు. ఏడేండ్ల కనిపెట్టుట తరువాత వచ్చిన ప్రథమ ఫలమది. ఆ యుదయమున డాక్టరు థామసు మితిమీరిన సంతోషముచేత మతితప్పి ఒక గదిలో కట్టుబడియుండెను. డారతీ మరియొక గదిలో అరచుచుండెను. ఒడ్డునున్నవారు కీర్తనలు బిగ్గరగా పాడి ఆ కేకలను కప్పవలసివచ్చెను. మన సండేస్కూలు పాఠములలో నది యున్నది, వడ్రంగి యున్నాడు, కేకలు మాత్రము లేవు.

1801లో బెంగాలీ క్రొత్తనిబంధన వెలువడెను. ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్టువిలియం కళాశాలలో కేరీ బెంగాలీ ఉపాధ్యాయుడాయెను. తరువాత సంస్కృతమును మరాఠీని కూడ బోధించెను. వారములో కొన్ని దినములు పడవమీద కలకత్తాకు వచ్చి, పనిముగించుకొని తిరిగి సెరంపూరు పోవుచుండెను. జీతము మిషను ఉమ్మడి నిధిలోనికే పోయెను. మృత్యుంజయ విద్యాలంకారుడు మొదలగు పండితులు ఆయనకు సహకారులు. కేరీ యొక్కడే నలువది భాషలు నేర్చి తర్జుమాలు చేసెనని కొందరు చెప్పుకొందురు. నిజమేమనగా, సెరంపూరు ముద్రాలయము సుమారు 40 భాషలలో లేఖనభాగములను ప్రకటించినది. వాటి వెనుక పేరు నిలువని పండితుల శ్రమ అపారముగా నున్నది.

తెలుగు ఈ చరిత్రలోనికి వచ్చునది అగ్నిద్వారముననే. కేరీ తెలుగు వ్యాకరణమును వ్రాతప్రతిగా సిద్ధపరచియుండెను. 1812 మార్చి 11వ తేది రాత్రి సెరంపూరు ముద్రాలయము కాలిపోయెను. అచ్చు అక్షరములు కరిగి ముద్దలాయెను. ఇంగ్లండునుండి అప్పుడే వచ్చిన కాగితము బూడిదయాయెను. సంస్కృతమును దాని సంబంధ భాషలను గూర్చి కూర్చుచుండిన మహానిఘంటువు, కన్నడ క్రొత్తనిబంధన, తెలుగు వ్యాకరణము సమస్తము పోయెను. ముద్రణ యంత్రములును, అక్షరములను పోతపోయు అచ్చులును మిగిలెను. సంగతి తెలియునప్పటికి కేరీ కలకత్తాలో నుండెను. తిరిగివచ్చి, కాలిన స్థలమును చూచి, కన్నీరు విడిచెను. పిమ్మట మొదటినుండి ప్రారంభించెను. కరిగిన లోహముతోనే కొత్త అక్షరములు పోయబడెను. తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. ఒక వ్యాకరణమును రెండవమారు వ్రాయుట యెట్టిదో అట్టి పని చేసినవారే యెరుగుదురు: మొదటిసారి కనుగొన్న ఆనందముండదు, శ్రమ మాత్రమే యుండును.

సెరంపూరు తెలుగు క్రొత్తనిబంధన 1818లోను, పంచకాండములు 1821లోను అచ్చుపడెను. వీటి విలువను నిష్పక్షపాతముగా చెప్పవలెను. తెలుగు గడ్డమీద నివసించి స్త్రీలును రైతులును మాటలాడు తీరు వినుటకు కేరీకి అవకాశము దొరకలేదు. విశాఖపట్టణమున డెగ్రాంజ్ దొర, ఆనందరాయరు మొదలుపెట్టి, తరువాతివారు కొనసాగించిన పనియే మన గ్రంథమునకు మూలమాయెను. సెరంపూరు కూర్పు వాడుకలో నిలువలేదు. అయితే డెగ్రాంజ్ తర్జుమా చేసిన సువార్తలును ఆయన మరణానంతరము 1812లో సెరంపూరులోనే అచ్చుపడెనని మరువరాదు.

బౌబజారు మందిరము నాడు లాల్‌బజారు మందిరమని పిలువబడెను. 1809 జనవరి 1న అది ఆరాధనకు తెరువబడెను. 1812 సెప్టెంబరులో అమెరికానుండి వచ్చిన అదోనిరాము జడ్సనుకును ఆయన భార్య ఆన్‌కును వార్డు అచ్చటనే బాప్తిస్మమిచ్చెను. దానినుండియే అమెరికను బాప్టిస్టుల విదేశ మిషను పుట్టెను. ఆ మిషను పంపగా 1836లో శామ్యూలు డే తెలుగువారియొద్దకు వచ్చి తరువాత నెల్లూరు చేరెను. నెల్లూరు, ఒంగోలు సంఘముల వంశావళి వెదకువారు ఆ బౌబజారు తొట్టియొద్దకు పోవలసియుందురు.

ఇక కేరీ అను పేరు మోసిన తక్కినవారు. హుగ్లీలో బాప్తిస్మము పొందిన ఫీలిక్సు 1807లో బర్మాకు పోయి, అచ్చట మశూచికమునకు టీకాలు వేసి, బర్మా భాషకు వ్యాకరణము కూర్చెను. 1814లో ఐరావతీ నదిలో పడవ బోల్తాపడి, అతని భార్యయు బిడ్డలును కన్నులయెదుటనే మునిగిపోయిరి. పిమ్మట బర్మా రాజు అతనిని తన రాయబారిగా కలకత్తాకు పంపెను. మిషనెరీ పదవినుండి రాయబారి పదవికి దిగజారెనని తండ్రి దుఃఖించెను. కుమారుని శోకముకంటె కుమారుని పిలుపును గూర్చియే తండ్రి యెక్కువ చింతించినట్లు కనబడును; ఇది కేరీ స్వభావములోని కఠినమైన అంచు. ఫీలిక్సు కొంతకాలము తూర్పు సరిహద్దులలో దిక్కులేక తిరుగాడి, వార్డు ప్రేమచేత 1818లో సెరంపూరు తిరిగివచ్చెను. శరీరనిర్మాణ శాస్త్రమును బెంగాలీలో వ్రాసెను, యాత్రికుని ప్రయాణమును బెంగాలీలోనికి తెచ్చెను. 1822 నవంబరులో, తండ్రి బ్రదికియుండగనే, మరణించెను. రెండవ కుమారుడు విలియం కాట్వాలో దీర్ఘకాలము సేవచేసెను; జేబెజ్ అంబోయినా ద్వీపమునకును తరువాత అజ్మీరుకును పోయెను; జోనాథను కలకత్తాలో న్యాయవాదియాయెను.

తమ్ముని కుమారుడైన యూస్టేసు కేరీ 1814లో ఎంతో ఆశతో వచ్చెను. ఉమ్మడి కుటుంబమువలె నడచుచుండిన సెరంపూరు కట్టుబాట్లు యువకులకు సరిపడలేదు. ఆస్తులు ఎవరి వశమున నుండవలెనను ప్రశ్న ఇంగ్లండునుండి లేచెను. యూస్టేసు, మరికొందరు యువ మిషనెరీలు కలకత్తాలో వేరు మిషను పెట్టిరి. ఒకే నగరమున, ఒకే శాఖలో, ఒకే యింటిపేరు రెండు పక్షములకు చెందెను. 1827లో సెరంపూరువారు తాము స్థాపించిన మిషనెరీ సంఘమునుండియే విడిపోవలసివచ్చెను. స్వార్థపరులని తమ్మును నిందించినపుడు కేరీ నొచ్చుకొన్నంతగా అగ్నిలో సమస్తము పోయినపుడు కూడ నొచ్చుకొనలేదు. పెదతండ్రి మరణించిన పిమ్మట ఆయన జీవితచరిత్రను 1836లో ప్రకటించినవాడు ఆ యూస్టేసే.

డారతీ 1807 డిసెంబరు 8న మరణించెను. కొన్ని మాసములకే కేరీ షార్లెట్ రూమర్ అను విదుషీమణిని వివాహమాడెను. ఈ తొందర తోటివారికి నచ్చలేదు. నడువలేని ఆ రోగిష్ఠితో గడిపిన 13 సంవత్సరములే ఆయన గృహజీవితమున సుఖకాలము. 1821లో ఆమెయు పోయెను. తరువాత గ్రేస్ హ్యూస్ మూడవ భార్యయై ఆయన వృద్ధాప్యమును కనిపెట్టుకొనియుండెను.

తోట ఆయనకు విశ్రాంతి. మన సామర్లకోటలో మొక్కలను పరిశోధించి, తరువాత కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియైన రాక్స్‌బర్గు, కేరియా అను పేరు పెట్టి స్నేహితుని గౌరవించెను. ఆయన మరణించిన తరువాత కేరీ ఆ భారత వృక్షావళి గ్రంథమును పరిష్కరించి అచ్చువేయించెను. 1820లో కలకత్తాలో వ్యవసాయ ఉద్యానవన సంఘమును స్థాపించెను. 1823లో వరద తోటను తుడిచిపెట్టెను, మరల నాటెను. 1829 డిసెంబరులో సహగమన నిషేధ శాసనము బెంగాలీలోనికి తర్జుమా కొరకు ఆదివారమున చేతికి రాగా, ప్రసంగమును వేరొకనికి అప్పగించి, సాయంకాలమునకు దానిని ముగించెను. ఒక్కదినము ఆలస్యమైనను ఎన్ని చితులు రగులునో ఆయనకు తెలియును.

1830 మొదలు కలకత్తాలోని వ్యాపార సంస్థలు ఒకటివెంట ఒకటి దివాలాతీయగా, సెరంపూరు నిధులు వాటితో పోయెను. కేరీ ఆస్తి సంపాదింపలేదు. ఆయన మరణశాసనములో పుస్తకములను అమ్మి, వచ్చిన సొమ్ములోనుండి జేబెజుకు 1500 రూపాయలు ఇయ్యవలెనని వ్రాయించెను. ప్రకృతి వస్తువుల సేకరణ 1818లో తాము స్థాపించిన సెరంపూరు కళాశాలకు చెందెను. 1834 జూన్ 9న ఆయన నిద్రించెను. అమెరికాలోని బ్రౌను విశ్వవిద్యాలయము 1807లోనే ఆయనకు డాక్టరు బిరుదమిచ్చియుండెను. ఆయన కోరినట్లు షార్లెట్ ప్రక్కన సమాధి త్రవ్విరి. రాతిమీద ఆ బిరుదము చెక్కలేదు. పేరు, పుట్టిన తేది, మరణించిన తేది, ఐజక్ వాట్సు కీర్తనలోని రెండు పాదములు, అంతే.