అగ్నితో పోరిన జేమ్స్ బ్రేడ్‌వుడ్

వేసవిలో గాలి రేగిన వేళ పూరింటి కప్పుపై నిప్పురవ్వ పడినచో ఏమగునో మన చీపురుపల్లి ప్రాంతపు పెద్దలకు చెప్పనక్కరలేదు. ఒక యింట పుట్టిన మంట వరుసనున్న యిండ్లన్నిటిని గడియలో బూడిద చేయును. ఫైరింజను వచ్చినను సందులో దానికి దారి యుండదు. దారి యున్నను దగ్గర నీరుండదు. మంట నార్పువాని ధైర్యమొక్కటియే చాలదనియు, కట్టడము కూడ వానికి తోడుపడవలెననియు లోకమునకు నేర్పిన యొక మహనీయుని చరిత్రమును మా చదువరులకు చెప్పదలచితిమి.

జేమ్స్ బ్రేడ్‌వుడ్ 1800 సంవత్సరమున స్కాట్లండు దేశమందలి ఎడింబరో పట్టణమున జన్మించెను. తండ్రి కొయ్యపనుల వ్యాపారి. బ్రేడ్‌వుడ్ ఆ పట్టణపు హైస్కూలులో చదివి, పిదప గృహనిర్మాణపు పని నేర్చుకొనెను. గోడ యెట్లు నిలుచునో, దూలమెచ్చట ఆనునో, కప్పెప్పుడు కూలునో ఆయన చిన్ననాటనే యెరుగును. 1824లో పట్టణమువారు అగ్నిమాపక దళము నొకదానిని స్థాపించి ఈ యువకుని దానికి నాయకునిగా నియమించిరి. కొద్ది వారములకే, నవంబరు నెలలో, అచ్చట ఘోరమైన అగ్నిప్రమాదము సంభవించెను. దళమునకు ఇంకను తగిన యభ్యాసము లేదు, ఆజ్ఞలిచ్చువారు పలువురు. అనేక గృహములు దగ్ధమయ్యెను.

ఆ యనుభవము ఆయనకు గురువయ్యెను. ఆయన తన దళమునకు తాపీపనివారిని, వడ్రంగులను, కప్పులు నేయువారిని ఏరుకొనెను. ఇల్లు కట్టనేర్చినవానికే కాలుచున్న యింటి గుట్టు తెలియునని ఆయన నమ్మకము. తెల్లవారుజామున వారికి అభ్యాసము చేయించెడివాడు. వీధిలో నిలిచి నీరు చిమ్ముట కాక, లోపలికి చొచ్చి మంట మొదటనే నీరు పోయవలెననియు, పొగలో నేలకు దగ్గరగా ప్రాకిపోయినచో ఊపిరి దొరకుననియు బోధించెను. 1830లో ఈ విద్యను గూర్చి గ్రంథమును ప్రకటించెను.

1833లో లండను నగరపు బీమా సంఘములు కొన్ని తమ దళములను ఒకటిగా కూర్చి బ్రేడ్‌వుడ్‌ను పెద్దగా నియమించినవి. మరుసటి యేడు అక్టోబరు 16వ తేదీన పార్లమెంటు భవనములు కాలినపుడు, పురాతనమైన వెస్ట్‌మిన్‌స్టర్ హాలు దక్కుటకు ఆయన దళము మిక్కిలి పాటుపడెను.

అయినను ఆయనను వేధించిన చింత వేరొకటి కలదు. థేమ్సు నదీతీరమున వర్తకులు కొండలవంటి గిడ్డంగులు కట్టుచుండిరి. లోపల నడ్డుగోడలు లేనిచో అట్టి కట్టడమున మంట నార్పుట మనుష్యసాధ్యము కాదని ఆయన పలుమార్లు హెచ్చరించెను. గిడ్డంగిని దళసరి గోడలతో విభజించి ఇనుప తలుపులు పెట్టవలెననెను. ఇనుప స్తంభములు కాలవు గదా యని జనులు నిశ్చింతగా నుండగా, కాగిన యినుము నీరు తగిలినంతనే పగులుననియు, ఆ కప్పు క్రింద మంట నార్పువాడే నలిగి చచ్చుననియు 1849లో ఇంజనీర్ల సభలో వివరించెను.

1861 జూన్ 22వ తేదీన లండనులోని టూలీ వీధి గిడ్డంగులలో నిప్పు పుట్టెను. అందు ప్రత్తి, జనపనార, చక్కెర, పశువుల కొవ్వు, సురేకారము నిండియున్నవి. గోగునార పండించు మన సీమవారికి ఎండిన నార యెట్లు మండునో తెలియును. ఇనుప తలుపులు ఉన్నవి గాని, వానిని మూయక విడిచిరట. నది పోటు తీసియుండుటచే నీరందుట కష్టమయ్యెను. అలసిన తనవారికి ధైర్యము చెప్పుటకు బ్రేడ్‌వుడ్ వచ్చియుండగా, గోడ విరిగి ఆయన మీద పడెను. రెండు దినముల తరువాతగాని దేహము దొరకలేదు. మంటలు రెండు వారములు ఆరలేదు. అంత్యయాత్ర మైలున్నర పొడవు సాగెనని చెప్పుదురు.

ఆ నష్టము చూచినపిమ్మట ప్రభుత్వమువారికి కనువిప్పు కలిగెను. 1866లో లండనునకు ప్రజల దళము ఏర్పడెను. నేడు మన దేశమున 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి, ఎత్తైన భవనములకు నీటితొట్లు, అంతస్తు అంతస్తునకు పోవు నిలువు గొట్టములు, మంటలార్పువారికై ప్రత్యేకమైన లిఫ్టు, పొగ చొరని మెట్లదారి, ఫైరింజను తిరుగుటకు చాలిన స్థలము ఉండవలెనని విధించుచున్నది. ఇవన్నియు బ్రేడ్‌వుడ్ పడిన చింతకు సమాధానములే.

బాలబాలికలారా! ఇనుప తలుపు చేయించుటకు ధనము కావలెను. దానిని మూయుటకు శ్రద్ధ యొక్కటి చాలును. ఆ శ్రద్ధ లేకపోవుటచేతనే యొక మహావీరుడు మడిసెను. మెట్లదారిలో బల్లలు పేర్చకుండుట, ద్వారమున కడ్డముగా సైకిళ్లు నిలుపకుండుట, నీటితొట్టి నింపి యుంచుట మన చేతనైన పనులే. మన ప్రాణములు కాపాడవచ్చువాని ప్రాణమును కాపాడుట మన ధర్మము కాదా?